తొమ్మిది మంగళవారాల ఉలవలు

లావుగా ఉంటే బాగున్నట్టే అని మనవాళ్ళకు ఎవరు నేర్పారో గానీ, ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఆ మాటతో వేగలేక చచ్చాను. పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా చెరుకుపల్లిలో చేశాను, భట్టిప్రోలులో చేశాను, చివరికి తెనాలిలో రిటైరయ్యాను. గేదె నాలుగడుగులు వెయ్యలేక రొప్పుతుంటే, "ఒళ్ళు చేసిందండి, బాగానే తింటంది" అని మురిసిపోయే ఆసాములు ఎంతమందో. అదే గేదె కాస్త చిక్కితే మాత్రం ఆదివారం అని కూడా చూడకుండా ఇంటిమీదికి వచ్చేస్తారు. చెప్పి చెప్పి నా గొంతు పోయింది. నాకు కోపం ఎక్కువని మా ఆవిడ ఆండాళమ్మ అంటుంది. ఊళ్ళోవాళ్ళూ అంటారు. ఈ వయసులో కాదని వాదించే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు చెప్పేది గౌస్ మొహిద్దీన్ గురించి. తెనాలి సుల్తానాబాదులోనే మా వీధికి రెండు వీధుల అవతల ఉంటాడు. తెనాలి స్టేషను దగ్గర చిట్టచివరి దాకా జట్కా తోలినవాడు అతనే. సన్నగా, కాస్త ముందుకు వంగి, ఎవరేమన్నా "అలాగేనండి" అంటూ తలూపే మనిషి. అతని నోటి వెంట పెద్దమాట నేను వినలేదు. అలాంటివాణ్ణి చూస్తే నాలాంటివాడికి ఇంకా కోపం వస్తుంది, ఎందుకో తెలియదు.

గౌసు పుట్టింది రేపల్లెలో. తండ్రిదీ జట్కాయే. డెబ్బై ఏడు ఉప్పెన వచ్చినప్పుడు గౌసుకు ఇరవై ఏళ్ళు. నీళ్ళు తీశాక ఎక్కడా పచ్చిపోచ లేదు. ఉన్న వాములు ఉప్పునీళ్ళలో కుళ్ళిపోయాయి. మనుషులకు పొట్లాలూ దుప్పట్లూ వచ్చాయి గానీ గుర్రానికి గడ్డి ఎవరు పంపుతారు? పదిహేను రోజుల్లో వాళ్ళ గుర్రం ఎముకల గూడైపోయింది. పాక నిట్టాడి గుంజను నాకుతూ నాకుతూ ఒకరోజు అక్కడే కూలబడి చచ్చిపోయిందట. ఈ సంగతి గౌసు నాకు ఒక్కసారే చెప్పాడు, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే. ఆ గుర్రం పక్కటెముకలు తను లెక్కపెట్టానన్నాడు. ఎన్నో మాత్రం చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత తెనాలి వచ్చి, ఇక్కడి పిల్ల ఇమాం బీని చేసుకుని, సొంతంగా జట్కా కట్టాడు. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గుర్రం దాణా తిన్నాకే వాళ్ళు ముద్ద ముట్టేవాళ్ళు. రంజాను నెలలో పొద్దంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉండి, సాయంత్రం ఉపవాసం విడిచే వేళ కూడా గౌసు ముందు కొట్టంలోకి వెళ్ళి, తొట్టిలో చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాతే ఖర్జూరం నోట్లో వేసుకునేవాడట. ఇమాం బీ ఈ మాట గొప్పగా చెప్పుకునేది. గొప్పే మరి. ఆ గొప్పే తర్వాత కొంప ముంచింది.

వాళ్ళ చివరి గుర్రం పేరు చమ్కీ. ఎర్రటి ఆడగుర్రం, నుదుట తెల్లమచ్చ. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి పెంచారు. స్టేషను నుంచి గంగానమ్మపేటకు, అక్కడి నుంచి అంగలకుదురుకు, రోజంతా మనుషుల్నీ మూటల్నీ లాగేది. పొద్దున ఒక మానెడు ఉలవలు, సాయంత్రం ఒక మానెడు, మధ్యలో పచ్చగడ్డి. ఆ పనికి ఆ తిండి సరిగ్గా సరిపోయేది. అప్పట్లో దాన్ని చూసిన ఎవరూ వంక పెట్టలేరు.

ఆటోలు వచ్చాయి. ఒక్కో జట్కా తగ్గుతూ వచ్చి, రెండువేల మూడు నాటికి స్టాండులో గౌసు బండి ఒక్కటే మిగిలింది. ఇంకో ఏడాదికి అదీ ఆగింది. కొడుకు జావీద్ ఆటో కొనుక్కున్నాడు. గౌసు పరుపుల కొట్లో దూది ఏకే పనికి కుదిరాడు. చమ్కీని మాత్రం అమ్మలేదు. పెళ్ళిళ్ళకు వరుణ్ణి ఊరేగించడానికి పిలుస్తారు, నెలకొకటో రెండో ఊరేగింపులు తగిలేవి. మిగతా రోజులన్నీ కొట్టంలో నిలబడి ఉండటమే. పని ఆగిపోయింది గానీ ఉలవల మానిక ఆగలేదు. పొద్దున మానెడు, సాయంత్రం మానెడు. తగ్గించాలన్న ఆలోచనే ఆ మొగుడూ పెళ్ళాలకు రాలేదు. పని లేదు కదా అని తిండి కోస్తారా, ముసలమ్మకు పెట్టడం మానేస్తారా అని ఇమాం బీ నన్నే అడిగింది తర్వాత.

అది చాలదన్నట్టు ఊరు తోడైంది. ఉలవలు కేతువు గింజలు. దోషం ఉన్నవాళ్ళు నానబెట్టిన ఉలవలు గుర్రానికి పెట్టాలని సిద్ధాంతులు చెబుతారు. వెనక స్టాండు నిండా గుర్రాలుండేవి కాబట్టి తలో దానికీ తలా కాస్తా పోయేది. ఇప్పుడు ఊరు మొత్తానికి ఉన్నది చమ్కీ ఒక్కటే. తెనాలిలో ఎవరి జాతకంలో కేతువు తిరగబడినా ఆ గింజలు దీని పొట్టలోకే. మంగళవారం వచ్చిందంటే గౌసు కొట్టం ముందు గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు వరసగా నిలబడేవాళ్ళు. టిఫిన్ బండి సుబ్బరత్నమ్మ అయితే ఉలవలతో పాటు అచ్చు బెల్లం కూడా పెట్టేది. కాదంటే, మన మతం కాదు కాబట్టి మొక్కు తోసిపుచ్చాడంటారని గౌసు భయం. అందుకని పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. చమ్కీ ఒళ్ళు నిగనిగలాడేది. "ఏం పెంచావయ్యా గౌసూ" అని దారినపోయేవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. ఆ మాట వింటే అతని మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు చూసి నేను కూడా ఏమీ అనలేదు, నా బుద్ధి గడ్డి తిని.

రెండువేల ఆరు శ్రావణంలో ఇమాం బీ మా గుమ్మంలోకి వచ్చి, "అన్నయ్యగారూ, చమ్కీ అడుగు తియ్యటం లేదండి" అంది. వెళ్ళి చూద్దును కదా, ముందుకాళ్ళు రెండూ బారచాపి, బరువంతా వెనక్కాళ్ళ మీద వేసుకుని, గోడకు చేరగిలబడ్డట్టు నిలబడి ఉంది. ఒళ్ళంతా చెమట. గిట్ట మీద చెయ్యి వేస్తే కాలింది. నిజం చెప్పాలంటే నాకు అర్థం కాలేదు. నా సర్వీసంతా గేదెలూ ఎడ్లూ మేకలే. వాతం అనుకుని ఏదో సూది వెయ్యబోయి, చెయ్యి రాక ఆగిపోయాను. బాపట్లలో ఉన్న మార్కు గారికి ఫోను చేశాను. ఆయన నాకు పై డాక్టరుగా పనిచేశారు. అంతకు ముందు హైదరాబాదులో పోలీసు గుర్రాల దగ్గర చాలా ఏళ్ళు ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, పాపం, మధ్యాహ్నం రైలెక్కి వచ్చారు.

మార్కు గారు సూది తియ్యలేదు, మందు అడగలేదు. చమ్కీ మెడ పైభాగం, జూలు మొలిచే చోటు, రెండు చేతులా పట్టుకుని ఊపి చూశారు. ఊగలేదు. బిర్రుగా గట్టిపడి ఉంది. తోక మొదట్లో నొక్కితే వేలు దిగబడింది. వెన్ను మధ్యలో గాడి పడి ఉంది, వాన కురిస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి. ఆ గాడిని చూసే ఊరంతా మురిసిపోయేది. తర్వాత గౌసును దగ్గరికి పిలిచి, అతని అరచెయ్యి గుర్రం డొక్క మీద పెట్టి, పక్కటెముకలు వెతకమన్నారు. గౌసు అటూ ఇటూ తడిమాడు. దొరకలేదు. దొరకనందుకు అతను లోలోపల సంతోషించడం నేను చూశాను. డాక్టరుగారు పరీక్ష పెడితే పాసయ్యాననుకున్నాడు.

"ఎముకలు కంటికి కనపడకూడదు, చేతికి మాత్రం తగలాలి," అన్నారు మార్కు గారు. "నీ గుర్రానికి వచ్చిన జబ్బు తిండి. ఆ కొవ్వంతా చేరి గిట్టల లోపల వాపొచ్చింది. గోరు చుట్టు లేచిన కాలి మీద నీ ఒంటి బరువంతా వేసి నిలబడితే ఎట్లా ఉంటుంది? దానికి ముందుకాళ్ళు రెండింట్లోనూ అట్లా ఉంది. ఈసారికి లేస్తుంది. ఇంకోసారి పడితే మాత్రం లేవదు."

అసలు ఏమీ పెట్టొద్దా అని గౌసు అడిగాడు. ఒకేసారి కడుపు మాడిస్తే అది ఇంకా ప్రమాదమని, మెల్లగా తగ్గించాలని ఆయన విడమరిచి చెప్పారు. ఉలవలు, బెల్లం, అరటిపళ్ళు ఆ క్షణం నుంచి బంద్. పచ్చిక మీదికి వదిలితే మూతికి చిక్కం కట్టాలి. ఎండుగడ్డి తూకం వేసి, నీళ్ళల్లో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి పెట్టాలి. కాళ్ళ కింద మెత్తగా ఇసుక పొయ్యాలి. గిట్టల వేడి పూర్తిగా తగ్గాక, అంతకు ఒక్కరోజు ముందు కూడా కాదు, నడిపించడం మొదలెట్టాలి. పదిహేను రోజులకోసారి తాడుతో ఛాతీ చుట్టుకొలత తీసి ముడి వెయ్యాలి. ఒక్కో ముడీ లోపలికి జరుగుతూ రావాలి.

చెప్పి ఆయన సాయంత్రం బండికి వెళ్ళిపోయారు. చెప్పినంత తేలిక కాదు కదా చెయ్యడం. మొదటి వారం ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. గుర్రం తినందే వాళ్ళు తినరు. గుర్రానికేమో ఉలవలు లేవు. చమ్కీ పొద్దున్నే తొట్టిని మూతితో గోడకేసి కొట్టేది. ఇమాం బీ చెవులు మూసుకుని వంటింట్లో కూర్చునేది. నాలుగోరోజు నేను వెళ్ళి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, నా కళ్ళముందే ఇద్దరి చేతా అన్నం తినిపించాను. గౌసు తల వంచుకుని తిన్నాడు. రేపల్లె గుర్రం సంగతి అతను చెప్పింది ఆ రోజే.

కానీ పట్టుబట్టాడంటే మళ్ళీ మొండివాడే. దూది తూచే కాటా మీద రోజూ గడ్డి తూచి తెచ్చేవాడు. దూడలకు కట్టే చిక్కం మూతికి చాలకపోతే కొబ్బరి తాడుతో తనే పెద్దది అల్లాడు. ఆరు వారాలకు గిట్టలు చల్లబడ్డాయి. అప్పటి నుంచి తెల్లవారుతూనే చమ్కీ పగ్గం పట్టుకుని కాలవ గట్టున అంగలకుదురు దాకా నడక. తిరిగొచ్చి పరుపుల కొట్టుకి పోవాలి, సాయంత్రం దూది దుమ్ముతోనే మళ్ళీ నడక. గుర్రం ఎక్కడు, పక్కన నడుస్తాడు. అతని మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. ఇంటికొచ్చి గడప మీద కూలబడితే ఇమాం బీ కాళ్ళకు కొబ్బరినూనె రాసేది. ఒకసారి నాతో, "గుర్రం చిక్కట్లేదండి, నేను చిక్కుతన్నా" అన్నాడు. నవ్వడానికే అన్నాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఊరి నోరు ఊరుకుంటుందా? కొడుకు ఆటో కొన్నాక గుర్రాన్ని ఆకలికి చంపుతున్నాడన్నారు. నోరులేని దాని నోటికి చిక్కం కట్టాడన్నారు. మొక్కు చెల్లించుకోనివ్వలేదని సుబ్బరత్నమ్మ నడివీధిలో శాపనార్థాలు పెట్టింది. గౌసు ఒక్కరికీ ఎదురు చెప్పలేక, అందరికీ దండాలు పెట్టుకుంటూ, వారం తిరక్కుండా సగమైపోయాడు. అప్పుడు నేనే అన్నాను. "నా పేరు చెప్పు గౌసూ. ఎవరొచ్చినా కాంపౌండరు నాగభూషణరావు వద్దన్నాడని చెప్పు. నన్ను తిట్టుకోమను. నాకు అలవాటే." అప్పటి నుంచి అదే చెప్పాడు. నా నోటికి జడిసి ఒక్కొక్కరే రావడం మానేశారు. మంగళవారాలు కొట్టం ముందు ఖాళీ అయింది. ఇంత పనికొచ్చిన నోరు కదా అని నాకు కాస్త గర్వం కూడా కలిగింది.

మాఘమాసానికి తాడు మీద తొమ్మిది ముడులు లోపలికి జరిగాయి. ఒక సాయంత్రం కబురు పెడితే వెళ్ళాను. గౌసు చమ్కీ డొక్క మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. "తగిలినయ్ సార్," అన్నాడు. నేను భుజం తట్టాను. చూస్తే అతని కళ్ళ నిండా నీళ్ళు. సంతోషం అనుకున్నాను ముందు. కాదు. ఇన్నాళ్ళూ ఏ ఎముకలు ఇంకోసారి చేతికి తగలకూడదని బతికాడో వాటినే వెతుక్కుంటూ ఆరు నెలలు పాటుపడ్డాడు. పాపం పిచ్చివాడు. ఆ నెల్లోనే బాపట్లలో ఒక పెళ్ళికి చమ్కీని తీసుకెళితే, మార్కు గారు వీధి గుమ్మంలో నిలబడి దాని నడక చూసి, నాకు ఫోను చేసి మరీ మెచ్చుకున్నారు.

అక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేది.

రెండువేల ఏడు జూన్‌లో, ఒక గురువారం పొద్దున, ఇమాం బీ మళ్ళీ వచ్చింది. ఈసారి గుమ్మంలోనే ఏడ్చేసింది. నేను వెళ్ళేసరికి చమ్కీ పడుకుని ఉంది. లేపబోతే మూలిగింది. గిట్టలు నిప్పులు. వాటి వెనక నరం టకటక కొట్టుకుంటోంది. పేడలో చూస్తే నలగని ఉలవలు కనిపించాయి. వీధి వీధంతా పోగైంది అప్పటికే, అయినా నేను ఆగలేదు. ఎవరు పెట్టార్రా అని అరిచాను. గౌసును ఎప్పుడూ రా అనలేదు అంతకుముందు. గౌసు గుర్రం తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఒకసారి నా మొహంలోకి చూసి, "నేనే పెట్టానండి," అన్నాడు.

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. నీ ప్రేమ తగలెయ్య అన్నాను, నీ చేతుల్తో నువ్వే చంపావన్నాను, ఇన్నాళ్ళూ నా పరువు పణంగా పెట్టి నీకు అడ్డం నిలబడ్డానన్నాను. ఇంకా చాలా అన్నాను. సుబ్బరత్నమ్మ కూడా వింటోంది. ఇమాం బీ ఏదో చెప్పబోతే గౌసు చేత్తో వారించాడు. అది నేను చూశాను. చూసి కూడా ఎందుకని అడగలేదు.

పన్నెండు రోజులు చూశాం. మార్కు గారు రెండుసార్లు వచ్చారు. అరికాలి దగ్గర గిట్ట పగిలి లోపలి ఎముక కిందికి జారిందని, ఇంక నిలబెట్టడం హింస అని రెండోసారి చెప్పారు. ఆ సూది ఆయనే వేశారు. గౌసు అది అయిపోయేదాకా దాని మెడ నిమురుతూనే ఉన్నాడు. కాలవ అవతల పూడ్చిపెట్టారు. నేను దూరంగా నిలబడి, అతనితో మాట్లాడకుండా ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత ఐదు నెలలు అతని వీధిలోకి వెళ్ళలేదు. అలిగింది నేను, చూడండి.

కార్తీకంలో మా కోడలు హేమకు ఆడపిల్ల పుట్టింది. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు ఆ పిల్లకు. ఆ రెండుసార్లూ ఇల్లంతా శవం లేచిన ఇల్లులా ఉండేది. అందుకని పాపను ఇంటికి తెచ్చిన రోజు నేను కూడా కాస్త మెత్తబడి, వసారాలో కూర్చుని కళ్ళు మూసుకున్నాను. లోపల ఆండాళమ్మ ఎవరో చుట్టపావిడతో చెబుతోంది. హేమకు కేతుదోషం ఉందని సిద్ధాంతిగారు చెప్పారట. తొమ్మిది మంగళవారాలు గుర్రానికి ఉలవలు పెట్టమన్నారట. ఒక్క గింజ మిగలకుండా తినాలట. తొమ్మిదో వారం మానెడున్నర ఉలవలూ అచ్చు బెల్లమూ పెట్టి తనే మొక్కు తీర్చేసిందట.

ప్రతి మంగళవారం ఆమె స్టీలు క్యాను పట్టుకుని ఆంజనేయస్వామి గుడికని వెళ్ళేది. దేవుడికి అంత ప్రసాదం దేనికి, ఆయనకి షుగరొస్తుంది అని నేను వేళాకోళం కూడా ఆడాను. లోపలికి వెళ్ళి ఆండాళమ్మ ముందు నిలబడ్డాను. నా మొహం చూసి ఆమెకు అర్థమైపోయింది. గుర్రం ఉలవలకే పోతుందని తనకేం తెలుసంది, గుర్రాలు ఉలవలే కదా తింటాయంది. అది చచ్చిన రోజు నుంచి తనకూ నిద్ర లేదంది. నాతో ముందే ఎందుకు చెప్పలేదన్నాను. "చెబితే మీరు అరవరూ?" అంది. అంతే అంది. అరవడానికి నోరు తెరిచి మూసుకున్నాను.

మర్నాడు పరుపుల కొట్టుకి వెళ్ళాను. గౌసు ఒళ్ళంతా దూది పట్టి, కిందికీ మీదికీ దూదేకే బద్ద ఆడిస్తున్నాడు. నన్ను చూసి లేచి, బల్ల తుడిచి కూర్చోమన్నాడు. టీ తెమ్మని పక్కకొట్టుకి కేకేశాడు. నాకు సంగతి తెలిసిందని చెప్పాను. నా పేరు చెప్పి అందర్నీ తిప్పి పంపినవాడివి, ఆవిణ్ణెందుకు పంపలేకపోయావని అడిగాను.

"అందరికీ మీ పేరు చెప్పానండి. అమ్మగారికి ఎవరి పేరు చెప్పను?" అన్నాడు. "మొదటివారం మీరు చెప్పే పంపారనుకున్నా. కొంచెం చాలు అమ్మగారూ అన్నాను. ఒక్క గింజ మిగిలినా పిల్లకి మంచిది కాదంట అని ఏడ్చిందండి. ఇంక ఏమంటాను? ప్రతి మంగళవారం సాయంత్రం గడ్డి తగ్గించేసి, అంగలకుదురికి రెండుసార్లు తిప్పేవాణ్ణి. ఎనిమిది వారాలు తట్టుకుందండి."

ఆ రోజు వీధిలో అన్ని మాటలు పడేటప్పుడు ఒక్కసారి నిజం చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో గొడవ ఎందుకని ఊరుకున్నానన్నాడు. అదీ అతనికి పెద్ద సంగతి కానట్టే అన్నాడు. టీ వచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, వేళ్ళకంటిన దూది దులుపుకుంటూ అడిగాడు.

"ప్రసవమైందా అండి కోడలుగారికి?"

"అయింది. ఆడపిల్ల."

"బాగుందా?"

"బాగుంది. మూడు కేజీలు ఉంది."

అతని మొహం ఒక్కసారిగా తేలికపడింది. ఐదు నెలలుగా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు చేతులు రెండూ ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

"అయితే పోన్లెండి సార్," అన్నాడు. "ఊరికే పోలేదు చమ్కీ."

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండుననిపించింది. నేను అక్కడికి వెళ్ళింది, నాది తప్పయిందని చెప్పడానికి. దారి పొడుగునా ఆ మాట కూడబలుక్కున్నాను కూడా. గౌసు మళ్ళీ దూది ముందు కూర్చుని బద్ద అందుకున్నాడు. నేను టీ తాగేసి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా ఇంటికొచ్చాను.